గేటు దాకా అమెరికా

కామారెడ్డి, ఎల్లారెడ్డి రోడ్ల మీద ఇప్పుడు ఉత్త బడి దొరకదు. అన్నీ ‘ఇంటర్నేషనలే’!

నాన్న దుబాయిలో అమెరికన్ సిలబస్ బడికి గోడ కడతాడు. ఆ కూలి పైసలతో కొడుకు ఇక్కడ ‘ఇంటర్నేషనల్’లో చేరతాడు.

టై వచ్చింది. పచ్చ బస్సొచ్చింది. ఫీజు డాలరుతో పోటీ పడుతోంది. అమెరికా ఒక్కటే ఇంకా రాలేదు.

గేటు మీద గ్లోబు తిరుగుతుంది. ల్యాబు తాళం మాత్రం తిరగదు.

ఏ బోర్డు బడైనా తెలుగు చెప్పాల్సిందేనని రాష్ట్రం 2018లోనే చట్టం చేసింది. ఇక్కడ తెలుగు మాట్లాడితే ఫైను. ఫీజు బాకీ ఫోను మాత్రం అచ్చ తెలుగులోనే!

తల్లిదండ్రులారా, ఫీజు కట్టే ముందు గేటు మీది బోర్డు కాదు, గుర్తింపు కాగితం చూడండి.