అధికారి గారి మధ్యాహ్న భోజనము

మా కార్యాలయమున లెక్కలు చూచువారు కలరు, లేఖలు వ్రాయువారు కలరు. వారి పనులన్నియు కలిపి తూచినను, పై అధికారి గారికి మధ్యాహ్న భోజనము తెప్పించు కార్యముతో సరితూగవని, ఆ భారమును మోయుచున్నవాడనగుటచే నిస్సంశయముగా చెప్పగలను. హైదరాబాదు వంటి మహానగరమున, సెల్‌ఫోను తెరపై వ్రేలు కదిపినంతనే వందలాది హోటళ్లు బారులు తీరి నిలుచు ఈ కాలమున ఇదేమంత కష్టమని మీరనుకొనవచ్చును. కష్టమంతయు అందే యున్నది. హోటలొక్కటే యున్న యూరిలో కూర బాగుండకపోయిన తప్పు హోటలువానిది. నూరున్న నగరమున ఎన్నినవానిది.

మా అధికారి గారు స్వభావముచే మాంసప్రియులు. అయినను సోమవారమును శివునకు, మంగళవారమును ఆంజనేయునకు, గురువారమును సాయిబాబాకు, శనివారమును వేంకటేశ్వరునకు సమర్పించుకొనిరి. శుక్రవారము శ్రీమతి గారి యాజ్ఞ, ఆదివారము సెలవు. ఇక బిర్యానీ పాలికి మిగిలినది బుధవారమొక్కటే. అదియు ఏకాదశి కారాదు, కార్తిక మాసమున పడరాదు. కావున నా బల్లపై సెల్‌ఫోను ప్రక్కనే పంచాంగము కూడ నుండును. ఒక ఏకాదశినాడు వారు “అన్నం వద్దయ్యా, ఇడ్లీ చెప్పు” అని సెలవీయగా, “ఇడ్లీ రవ్వ కూడా బియ్యమే కదండీ” యని వినయముగా మనవి చేసితిని. “రవ్వ అయ్యాక అది బియ్యం ఎలా అవుతుందయ్యా?” అని వారు తీర్పు చెప్పిరి. ఏ ధర్మశాస్త్రమునను ఇంత సులభమైన ప్రాయశ్చిత్తము లేదు.

బుధవారపు చిక్కు వేరు. కచ్చి బిర్యానీ యనగా పచ్చి మాంసమును పెరుగులోను మసాలాలోను నానవేసి, దానిపై సగముడికిన బియ్యము పరచి, మూత చుట్టును పిండి మెత్తి, సన్నని సెగపై మగ్గించునది గదా. అడుగున మసాలా, పైన తెల్లని మెతుకులుండుట దాని జాతిధర్మము. వారికి మాత్రము అడుగుది కావలయును, అడుగంటినది కారాదు. ఈ సూక్ష్మమును వంటవానికి తెలియజేయుటకై ఫోనులో ‘సూచనలు’ అను చోట నేను వ్రాయు విన్నపములు, మా కార్యాలయమునుండి వెలువడు లేఖలన్నిటికంటెను శ్రద్ధతో కూర్చినవి. వంటవాడు వానిని చదివిన జాడ ఇంతవరకు కానరాలేదు.

తక్కిన దినములలో మీల్స్ పార్సిలు. పప్పు, సాంబారు, రసము, పెరుగు, అన్నియు పలుచని ప్లాస్టిక్కు సంచులలో, మెడకు దారము బిగించుకొని వచ్చును. ఆ దారపు కొస ఎచ్చట దాగెనో కట్టినవానికే తెలియవలె. గోళ్లకు లొంగదు; కత్తెర వేసితిమా, సాంబారు చొక్కాపైకి దూకును; పండ్లతో కొరుకుదమన్న, అది అధికారి గారి సాంబారు. ఇంత చేసి వడ్డించిన పిమ్మట వారు మొదట చూచునది అప్పడము. “ఎవరు విరిచారయ్యా దీన్ని? మా భీమవరంలో అప్పడం ఇలా ఉండదు.” భీమవరమున అప్పడము మూకుడునుండి విస్తరిలోనికి నేరుగా వచ్చుననియు, నడుమ కూకట్‌పల్లి రద్దీ లేదనియు నేను మనవి చేయలేదు. ఉద్యోగము మీద నాకు మమకారము కలదు.

మొన్నటి వానలో పార్సిలు ఆలస్యమై, ఆకలికి తాళలేక వారు నా బల్లవద్దకు వేంచేసి, “ఊరికే రుచి చూస్తాను” అని నా క్యారేజీ విప్పిరి. బీరకాయ తొక్కు పచ్చడి గిన్నె అడుగు తళతళలాడినది. తడిసి వచ్చిన మీల్సు నా వంతయ్యెను. నాటినుండి వారు సాయంకాలము ఇంటికి బయలుదేరుచు, “రేపు మీ ఇంట్లో ఏం కూరయ్యా? ఏదైనా ఫరవాలేదు గానీ, ఉప్పు కాస్త తగ్గించమను” అనుచున్నారు. ఆ సందేశమును మా అమ్మకు యథాతథముగా విన్నవించితిని. ఆమె ఇచ్చిన ప్రత్యుత్తరమును మాత్రము కార్యాలయమునకు చేర్చలేదు.