పులి నాడి పట్టాలనుందా?

బైపీసీ చదివే అమ్మాయి ‘జూలో డాక్టర్నవుతా’ అందంటే ఇంట్లో ముగ్గురి ముఖాలు మారతాయి. నాన్న ర్యాంకు లెక్కలు తీస్తాడు. ‘పశువుల డాక్టరంటే సంబంధాలెలా వస్తాయి?’ అని అమ్మ బెంగ. ‘అమెరికాలో దీనికి స్కోపుందా?’ అని మేనమామ ఆరా. అడగాల్సింది పులినీ, చింపాంజీనీ. వాటినెవరూ అడగరు కనుక వాటి తరఫు వకాల్తా నేను పుచ్చుకుంటున్నా.

చెల్లెమ్మా, నీకు జంతువులంటే ప్రాణం. వాటికి నువ్వంటే ప్రాణభయం. రోజూ మేత పెట్టే కీపర్ కనపడితే ఏనుగు తొండం చాపుతుంది. సూది వేసే డాక్టర్ కనపడితే పులి గుర్రుమంటుంది, చింపాంజీ చేతికి దొరికింది విసురుతుంది. ఏం దొరికిందని మాత్రం అడక్కు. ప్రేమకి బదులు ప్రేమే కావాలనుకుంటే కుక్కపిల్లని తెచ్చుకో, ఖర్చూ తక్కువ.

పైగా ఈ రోగులు జబ్బు దాచుకుంటారు. అడవిలో నీరసంగా కనపడ్డ జింక ఆ పూటకి ఎవరికో భోజనం. అందుకే ఒంట్లో బాగాలేకపోయినా బాగున్నట్టు నటిస్తుంది. సెలవు కోసం జ్వరం నటించే మన జాతికి ఇది మింగుడుపడదు. రోగం ఆనవాళ్ళు తినకుండా వదిలేసిన మాంసంలో, పేడలో వెతుక్కోవాలి. ‘నిన్నట్నించి అదోలా ఉంది మేడమ్’ అని కీపర్ చెప్పే ఒక్క ముక్కే అన్నిటికన్నా పెద్ద రిపోర్టు.

ఇక ముట్టుకోవడం. పులిని ఇనుప బోనులో కదలకుండా ఇరికించాలి, లేదా దూరం నుంచి గొట్టంతో మత్తు సూది ఊదాలి. కెటమిన్, జైలజిన్ మోతాదు బరువును బట్టి ఉంటుంది. కాటా ఎక్కనంటున్న పులి బరువుని కంటితోనే తూచాలి. మందు తక్కువైతే అది లేస్తుంది, ఎక్కువైతే లేవదు. సంజాయిషీ రెండింటికీ నీదే. ఏనుగులకి వాడే ఎటార్ఫిన్ రవ్వంత ఒంట్లోకి పోయినా మనిషి ప్రాణానికే ముప్పు, కనుక విరుగుడు పక్కన పెట్టుకుని మరీ సీసా తెరవాలి.

2021లో హైదరాబాద్ నెహ్రూ జూలో ఎనిమిది సింహాలకి కోవిడ్ సోకింది. ముక్కులో పుల్ల పెడితేనే మనం కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజులవి. అక్కడ సింహాలకి మత్తిచ్చి ముక్కు, గొంతుల నుంచి నమూనాలు తీసి సీసీఎంబీ ల్యాబుకి పంపారు. సింహాలు కోలుకున్నాయి. ఫొటోలు పేపర్లకెక్కాయి, సింహాలవే.

చదువు లెక్క కూడా వినేయ్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి బీవీఎస్సీ ఐదున్నరేళ్ళు. పీజీ ఇంకో రెండేళ్ళు. ఇంతా చదివాక తెలుగు రాష్ట్రాల్లో కనపడే పెద్ద జూలు హైదరాబాద్, విశాఖ, తిరుపతి. వాటిలో డాక్టర్లు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మందే. ఖాళీ రావాలంటే ఎవరో రిటైరవ్వాలి, లేదా పులి సహకరించాలి. ఉద్యోగం దొరికినా సెలవు మీద ఆశ పెట్టుకోకు. సోమవారం నెహ్రూ జూకి సెలవే కానీ, ఆ సంగతి ఈనే జింకకి తెలీదు.

అంచేత నిర్ణయానికి ముందు జూకి వెళ్ళకు, అక్కడన్నీ ముద్దుగానే కనపడతాయి. మీ మండలంలో పశువైద్యశాలకి ఓ వారం వెళ్ళు. బీవీఎస్సీ చదివిన వాళ్ళలో ఎక్కువమందికి రోజూ ఎదురయ్యేది గేదే. డాక్టరుగారు భుజందాకా చెయ్యి లోపలికి పెట్టి చూడి పరీక్ష చేస్తుంటారు. గేదె తోకతో మొహాన ఒక్కటిస్తుంది. ‘ఎప్పుడు ఈనుద్ది సారూ?’ అని రైతు తొందరపెడతాడు. ఇదంతా చూసొచ్చి అన్నం తినగలిగితే, తింటూ ఆ గేదె సంగతే చెప్పబుద్ధయితే, అప్లికేషన్ నింపు.

గేదె దగ్గర మొహం తిప్పుకునేవాళ్ళకి పులి వైద్యం పనికిరాదు. పులి ముందు నిలబడి ఫొటో దిగడానికైతే డిగ్రీ ఎందుకు, టికెట్టు చాలు.