వంటగట్టు కథ

వంటగట్టు కన్నా వయసులో పెద్దది మట్టిపొయ్యి. ఇచ్ఛాపురం మండలం డొంకూరు లాంటి మత్స్యకార గ్రామాల్లో అది నేలమీదే ఉండేది. కొబ్బరి మట్టలు ఎగదోయడం, కత్తిపీట మీద చేపలు కోయడం, అన్నీ కూర్చునే. పోలియోతో కాళ్లు చచ్చుబడిన మనిషి కూడా చేతుల ఊతంతో జరుగుతూ ఆ పొయ్యి మీద వండుకోవచ్చు. వికలాంగుల కోసమని ఎవరూ దాన్ని అలా పెట్టలేదు, కుదిరింది, అంతే. మోకాళ్లు వంగని ముసలివాళ్లకు మాత్రం అదే పొయ్యి శిక్ష.

1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం మొదలై పేద ఇళ్లకు గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. గ్యాసు వెంటే ఈ గట్టూ ఇంట్లోకి వచ్చింది. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే నేలకు దిగి పేరుకుంటుంది. అందుకే స్టవ్వు సిలిండర్ కన్నా ఎత్తున ఉండాలి. 14.2 కిలోల సిలిండరే దాదాపు రెండడుగులు. మేస్త్రి ఇంకాస్త పెంచి, నిలబడ్డ మనిషి నడుము దగ్గరకు కడప రాయి పలక పరిచాడు. పొగ పోయింది. నిలబడలేని మనిషికి పొయ్యి కూడా పోయింది.

ఈ గట్టుకు పరదేశాల్లో పాత చుట్టాలున్నారు. 1926లో ఆర్కిటెక్ట్ మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ గీసిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిలో కూర్చుని పనిచేసుకోవడానికి తిరిగే స్టూలు ఉండేది. 1940ల చివర్లో అమెరికా ఇంజనీరు లిలియన్ గిల్‌బ్రెత్ గుండెజబ్బున్న స్త్రీలకు అలుపు తగ్గేలా వంటగదిని అమర్చింది. భవనాలు వికలాంగులకు అనువుగా ఉండాలని 1961లో వచ్చిన అమెరికా ప్రమాణానికి ఇంటి వంటగది పట్టలేదు. 1980 సంచికలో గానీ దానికి చోటు దొరకలేదు. అక్కడ ఇప్పుడున్న కొలతల ప్రకారం చక్రాల కుర్చీలో కూర్చుని వాడే గట్టు 34 అంగుళాలు దాటకూడదు, కింద మోకాళ్లు దూరడానికి 27 అంగుళాల ఖాళీ ఉండాలి, కుర్చీ తిప్పుకోవడానికి ఐదడుగుల చోటు కావాలి. డొంకూరు గట్టు కింద ఉన్నది ఖాళీ కాదు, సిలిండరూ బియ్యం డబ్బాలూ.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ ప్రభుత్వ గృహ పథకాల్లో 5 శాతం ఇళ్లు వికలాంగులకు కేటాయించమంది, అందులో స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వమంది. గట్టు ఎత్తు మాట ఆ సెక్షన్‌లో లేదు.

అమెరికా కొలతలు తెచ్చి పెట్టినా ఇక్కడ సగం పనే అవుతుంది. ఇసుక దారుల్లో చక్రాల కుర్చీ నడవదు. ఇంట్లో నేలమీద జరిగేవారికి 34 అంగుళాలూ ఎత్తే. గ్యాసు స్టవ్వు కిందికి దించితే ప్రమాదం. ఇండక్షన్ పొయ్యికి సిలిండర్ తగాదా లేదు, అడుగెత్తు పలక మీదా పనిచేస్తుంది. ప్లగ్గు చేతికందాలి, నీళ్లకు దూరంగా ఉండాలి, గిన్నె అడుగు అయస్కాంతం పట్టేదై ఉండాలి. కరెంటు పోతే వంట ఆగుతుంది, అదో లోటు.

కొత్తగా ఇల్లు కట్టేవారు మేస్త్రి అలవాటుకు వదిలేయకుండా, వండే మనిషిని దగ్గర పెట్టుకుని ఎత్తు కొలిపించాలి. ఆ ఇంట్లో నిలబడి వండేవారూ కూర్చుని వండేవారూ ఉంటే రెండు గట్లు కట్టించాలి.