మూడు రంగుల గింజ

నేను చక్కెరపాకమున పుట్టిన గింజను. మొన తెలుపు, నడుము నారింజ, అడుగు పసుపు. మొక్కజొన్న గింజ యాకారమును నాకొసగి అమెరికా దేశీయులు నన్ను క్యాండీ కార్న్ అని పిలుతురు. 1880వ దశకమున ఫిలడెల్ఫియా నగరమందలి వండర్లీ మిఠాయి కర్మాగారమున పనిచేసిన జార్జి రెనింజర్ అను నాతడు మా వంశమునకు మూలపురుషుడని ప్రతీతి. అటుపిమ్మట 1898 ప్రాంతమున గోలిట్జ్ కుటుంబమువారు మమ్ము విరివిగా తయారుచేయ నారంభించిరి.

ఆ కాలపు మా జననము మనుష్యుల రెక్కల కష్టముపై నాధారపడి యుండెను. కాగులలో కుతకుత నుడికిన పాకమును ఇంచుమించు 20 కిలోలు పట్టు బకెట్లలోనికెత్తుకొని, మొక్కజొన్న పిండి నింపిన పళ్లెములలో గింజ యాకృతిగా నొత్తిన గుంటలవెంట వెనుకకు నడచుచు, ఒక్కొక్క రంగున కొక్కొక్క పర్యాయముగా ముమ్మారు పోసిన ఆ శ్రామికుల పేర్లు నేనెరుగను. కాని నా దేహమందలి మూడు వన్నెల పొందిక వారి చేతుల నేర్పునకు సాక్ష్యమని నేను నమ్ముదును. నన్ను పోసినది యంత్రమే. అయినను పిండిగుంట అదియే, ఆరబెట్టి జల్లించు క్రమము అదియే. నాలో తేనె యున్నది, నువ్వుల నూనె యున్నది. నా మేని నిగనిగ లక్కవలన గలిగినది. హైదరాబాదు లాడ్ బజారున గాజుల రూపమెత్తి పెండ్లికూతుండ్ర ముంజేతులనలంకరించు లక్కకును దీనికిని పుట్టుక యొక్కటియే.

తొలిదినములలో నేను ఏ పండుగకును చెందినదానను కాను. కోడిపుంజు బొమ్మగల పెట్టెలలో, కోళ్ల మేత యను పేరుతో, నన్నమ్మెడివారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా దేశమున చక్కెరపై విధించిన నియంత్రణము 1947లో తొలగిన పిమ్మట, అక్టోబరు 31వ తేదీ రాత్రి పిల్లలు వేషములు ధరించి ఇంటింట మిఠాయి లడుగు హాలోవీన్ వేడుక ఊరూర వ్యాపింపగా, నేనును ఆ వేడుకకు చెందినదాననైతిని.

2024వ సంవత్సరమున నేను న్యూజెర్సీ రాష్ట్రమందలి ఎడిసన్ పట్టణమున నొక తెలుగువారింట ప్రవేశించితిని. తెనాలి నుండి వచ్చిన అమ్మమ్మ ముందు మనుమరాలు సంచి విప్పి, దానిపై ముద్రించిన దినుసుల పట్టికను చదివి వినిపించినది.

"జెలటిన్ అంటే ఏమిటే?"

"జంతువుల ఎముకలనుంచీ చర్మంనుంచీ తీస్తారు అమ్మమ్మా."

"అయితే మనం తినకూడదు తల్లీ. పారెయ్యకు, ఇటివ్వు."

ఆ చివరి మాటయే నా జీవితమును మార్చినది. తినుటకు కాని మిఠాయికి చెత్తబుట్టయే గతియని తలంచు లోకమున, ఆమె నన్ను అరచేత నుంచుకొని, ఒక మొన సన్నమై ఒక యంచు వెడల్పైన నా యాకారమును నిదానముగా పరిశీలించినది. మొనలను లోపలికి త్రిప్పి ప్రక్కప్రక్కన పేర్చినచో మా వరుస తనంతట తానే వంగి వలయమగును; ఒకదానిపై నొకటిగా వలయములను పేర్చినచో మొక్కజొన్న కండెయే సిద్ధించును. ఈ రహస్యమును ఆమెకెవ్వరును బోధింపలేదు. ఏండ్ల తరబడి వాకిట ముగ్గులు వేసిన వ్రేళ్లకు అది సహజముగానే స్ఫురించినది. గోధుమపిండి ముద్దను పొడవుగా చేసి అందు మా మొనలను గ్రుచ్చి కండెను నిలిపినది. నల్లని అట్టపై చక్రముగా నతికి తోరణమున వ్రేలాడదీసినది. మమ్మతుకువారి కొక్క మాట: వేడి జిగురు సోకిన మేము కరగుదుము, చక్కెరపొడిని కొలది నీటితో చిక్కగా కలిపిన ముద్ద ఆరి గట్టిపడినచో మమ్ము విడువదు.

మనుమరాలు పుల్లమిఠాయిలకు తెల్లని పలుచని కాగితమును ముసుగుగా చుట్టి, సిరాతో రెండు కన్నులు దిద్ది, దయ్యములను చేయుచుండెను. దారము మాటిమాటికి జారగా, అమ్మమ్మ మల్లెమొగ్గలకు వేయు ముడిని నేర్పినది. ఆ ముడితో దయ్యములన్నియు ఒకే దారమున మాలగా నమరినవి.

ఆ యేడు దీపావళి అమావాస్యయు హాలోవీనును ఒక్క సాయంకాలముననే సంభవించినవి. వెడల్పైన గాజుగిన్నె నడుమ చిన్న గాజుపాత్రను నిలిపి, ఆ రెంటి నడిమి యెడమును మాతో నింపి, లోపలి పాత్రలో నూనెప్రమిద వెలిగించి గుమ్మమున నుంచిరి. అట్టి అలంకారమున కొవ్వొత్తి నుంచుట ఆ దేశపు వాడుక. ప్రమిద అమ్మమ్మ యభీష్టము. ఆ నెల ఎడిసన్‌లో వాన ఇంచుమించు కురియకపోవుటచేత మెట్లపై మాతో తీర్చిన ముగ్గును చెమ్మ తాకలేదు. మంత్రగత్తెల, ఎముకలగూళ్ల, రాకుమార్తెల వేషములు ధరించిన పొరుగింటి పిల్లలు, చేతి సంచులలో మిఠాయిలు పడిన తరువాతను కదలక, ఆ దీపకాంతిలో వంగి మమ్ము చూచిరి. మేము రుచియై నాలుకపై నుండు కాలమెంత? ఆ రాత్రి మేము ఎందరి కన్నులకో పండుగయైతిమి. ఇంతకు మించిన గౌరవమును నేను కోరను.

నవంబరు వచ్చినది. నాలుగవ గురువారమున వచ్చు థ్యాంక్స్‌గివింగ్ పండుగకు మమ్ము టర్కీపక్షి తోకగా నతుకుట అచ్చటి బడిపిల్లల యాచారము. మనుమరాలు సంచిలో మిగిలినవానితోపాటు గాజుగిన్నెలోని మమ్మును తెచ్చి అమ్మమ్మ ముందు కుమ్మరించి, తోక వేయుమని యడిగినది. అమ్మమ్మ నెమలిపింఛమును పేర్చినది. బడిలో దానిని టర్కీయే యని యొప్పుకొనిరి. పింఛమున నడిమి వరుసలో కుడినుండి మూడవ గింజను నేను.