స్క్రీన్‌షాట్ సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం: "మాన్య వినియోగదారా! తమ తెరపై గల అలల స్వభావమును నిర్ధారించుటకై స్క్రీన్‌షాట్ పంపవలెను. కేబులును బిగించి, పరికరమును ఆపి వేయవలెను. తగ్గనిచో అధీకృత కేంద్రమును సంప్రదించవలెను."

అవతారిక: మానిటర్ మీద అలలు పారుతున్నాయని వాడుక తెలుగులో రాసుకున్న రెండు ముక్కలకు కస్టమర్ కేర్ వారు పంపిన శ్రీముఖమిది. కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ దగ్గరి కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన మూలాల్లో ఏదో ఒకటి ఉండేది కాబట్టి ప్రతిజ్ఞ చెల్లింది.

ప్రతిపదార్థం: సులభం. వదిలేస్తున్నాను.

వ్యాఖ్య: "స్క్రీన్‌షాట్ పంపవలెను". ఇది విధివాక్యం, ధిక్కరించరాదు. పంపాను. "పరిశీలించితిమి, దోషము కానరాలేదు" అన్నారు. ఎలా కానవస్తుంది? స్క్రీన్‌షాట్ కంప్యూటర్ తన కడుపులోని బొమ్మకు తీసుకున్న నకలు. కేబుల్ దాటి మానిటర్ దాకా వచ్చి చూసింది కాదు. నా అలలు వారి తెర మీద పారాలంటే వారి మానిటరూ చెడిపోవాలి.

ఇక్కడ మీమాంసకుల దేవదత్తుణ్ణి పిలవాలి. పగలు తినడు, అయినా లావుగా ఉన్నాడు. అంటే రాత్రి తింటున్నాడన్నమాట. దీని పేరు అర్థాపత్తి. స్క్రీన్‌షాట్‌లో అలల్లేవు, తెర మీద ఉన్నాయి. అంటే దోషం బొమ్మ తయారయ్యాక, దారిలో ఎక్కడో చేరింది. మానిటర్ మెనూ బటన్ నొక్కి చూడండి. మెనూ కదలకుండా ఉండి వెనక బొమ్మ మాత్రమే ఊగుతుంటే తప్పు కేబుల్ దారిది. మెనూ కూడా ఊగితే మానిటర్‌ది, లేదా దాని కరెంటుది. సాక్ష్యం చేతికిస్తే నిర్దోషి పత్రం రాసిచ్చారు.

"ఆపి వేయవలెను". ఆపడానికి ప్లగ్గు దాకా వెళ్లాం కనుక మూడో పిన్ను, అంటే ఎర్తు పిన్ను, ప్రస్తావన అప్రస్తుతం కాదు. అది మిగతా రెంటికంటే పొడవు, లావు. పెట్టేటప్పుడు అందరికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు అందరికంటే ఆఖర్న వదలాలి. ఉమ్మడి కుటుంబంలో పెద్దకొడుకు ధర్మం. దాన్ని మనం పదిరూపాయల టూ పిన్ కన్వర్టర్‌తో ఇంట్లోంచి వెళ్లగొట్టాం. కొన్ని గోడల్లో పైకన్నం ఉంటుంది, దాని వెనక ఆకుపచ్చ వైరు ఉండదు. వైరున్న చోట అది చేరే గుంటలో బొగ్గు, ఉప్పు వేసి పూడుస్తారు, ఎండాకాలం నీళ్లు పోయాలి. మా అపార్ట్‌మెంట్లో దాని మీద పార్కింగ్ టైల్స్ పరిచారు. లిఫ్టులో అద్దం గురించి గంటసేపు కొట్లాడే అసోసియేషన్ మీటింగులో ఈ గుంటకు బిందెడు నీళ్ల మాట ఎవరూ ఎత్తరు. అలలు పారితే కళ్లు నొప్పి, అంతే. గీజరూ, వాషింగ్ మెషీనూ నమ్ముకున్నది కూడా ఆ గుంటనే. అక్కడ పోయేది ప్రాణం.

ప్రకృతానికి వద్దాం. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏలో ఒక్కో రంగూ 0.7 వోల్టు లోపు సంకేతంగా ప్రయాణిస్తుంది. సీపీయూ ఒక సాకెట్‌కు, మానిటర్ ఇంకో సాకెట్‌కు పెట్టి, ఆ రెండు ఎర్తుల మధ్య కాస్త తేడా ఉంటే చాలు, అది బొమ్మలో కలుస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, తెర 60 సార్లు గీస్తుంది. తేడా పడ్డ ఆ 10 అలలై పరుగెడతాయి. హెచ్‌డీఎంఐలో ఈ అలలుండవు. చుక్కలు మెరుస్తాయి, లేదా తెర నల్లబడి తిరిగొస్తుంది.

పూర్వపక్షం: మీ ఇంటి ఎర్తు పాడైతే కంపెనీ ఏం చేస్తుంది?

సిద్ధాంతం: ఏమీ చేయక్కర్లేదు, అడగాలి. "రెండూ ఒకే బోర్డుకు పెట్టారా? మెనూ ఊగుతోందా?" ఇందులో "వలెను" అక్కర్లేదు.

"అధీకృత కేంద్రము": అక్కడ వారి బల్ల మీద, వారి సాకెట్‌కు తగిలించగానే మానిటర్ నిశ్చలంగా ఉంటుంది. దోషము లేదన్న చీటీ ఇస్తారు. చీటీకి రుసుము ఉంది.

తాత్పర్యం: వారిని అడగండి, నాకు దొరకలేదు. మీరు మాత్రం స్క్రీన్‌షాట్‌తో పాటు ఫోన్‌తో తీసిన వీడియో కూడా పంపండి. ఎర్తు గుంట ఎక్కడుందో ఈ వేసవిలోపు వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకోండి.