టస్కనీ యాత్రా పద్యము – టీకా తాత్పర్యములు

అవతారిక:

టస్కనీ సీమను సకుటుంబముగా దర్శింప సంకల్పించిన యొక హైదరాబాదు గృహస్థు, మే నెల ప్రయాణమునకు విమానపు టిక్కెట్ల ధరలు విచారించిన యుత్సాహము చల్లాఱకముందే, మోకాళ్ల నొప్పిగల తల్లిని, భార్యను, తమ్ముని, పదేండ్ల కూతును, ఆఱేండ్ల కొడుకును ఉద్దేశించి రచించి, ఫ్రిజ్జు తలుపున కంటించిన పద్యమిది.

మూలము:

తే. సోమవారము ఫ్లోరెన్సు చూచి, పిదప
పీస గోపుర మెక్కించి పిల్లల నట,
సియెన వీథుల గుఱ్ఱాల సిరిని గాంచి,
రాత్రి బసకేగ వచ్చును, రండు రండు.

ప్రతిపదార్థము:

సోమవారము = సోమవారమునాడు; ఫ్లోరెన్సు చూచి = ఆ మహానగరమును ఫలాహారమునకును భోజనమునకును నడుమ ముగించి; పిదప = రైలు దొరకిన పిమ్మట; పిల్లలన్ = బిడ్డల నిద్దఱను; అట = అచ్చట; పీస గోపురము = ఒరిగిన గోపురమును; ఎక్కించి = ఎక్కునట్లు చేసి; సియెన వీథులన్ = సియెనా నగరపు వీథులయందు; గుఱ్ఱాల సిరిని = అశ్వముల వైభవమును; కాంచి = చూచి; రాత్రి = ఏ జామున నను నియమము లేక; బసకు = హోటలునకు; ఏగవచ్చును = పోవచ్చును; రండు రండు = త్వరపడుడు.

విశేషములు:

ఉఫీజీ చిత్రశాలయు అకాడెమియాయు సోమవారము మూసియుండును. మైకెలాంజెలో 1501 మొదలు 1504 దాక చెక్కిన దావీదు విగ్రహము 1873 నుండి అకాడెమియాలోనే కలదు. పలాజో వెక్కియో ముంగిట నిలిచినది దానికి నకలు. కావున నిచట ‘చూచి’ యనగా ‘నకలును చూచి’ యని లక్షణచే నర్థము చెప్పుకొనవలెను. ‘సోమ’ తీసి ‘మంగళ’ యని దిద్దినచో తలుపులు తెఱచుకొనును గాని గణమును యతియు చెడును. కవి యతివైపే మొగ్గెను. బ్రూనెల్లెస్కీ 1420లో ఆరంభించి 1436లో ముగించిన ప్రధానాలయపు గుమ్మటమునకు మెట్లు 463, లిఫ్టు లేదు. ఇచట ‘చూచి’ యనెనే గాని ‘ఎక్కి’ యనకుండుట మాతృభక్తి యని తమ్ముని వ్యాఖ్య. మెట్ల లెక్క తెలియమి యని మా సిద్ధాంతము.

‘పిదప’ యను మూడక్షరములలో గంటసేపటి రైలు ప్రయాణ మణగియున్నది. పీసానుండి సియెనాకు మఱల ఎంపొలీలో రైలు మారవలెను. కాగితపు టిక్కెట్టుపై ప్లాట్‌ఫారము యంత్రమున ముద్ర వేయింపక ఎక్కినవారికి జరిమానా కలదు. దీనిని గూర్చి కవి మౌనము వహించెను.

‘పిల్లలన్’ అను బహువచనము చింత్యము. ఈ గోపురము 1173లో మొదలై, మూడవ యంతస్తు లేచునప్పటికే మెత్తని నేలలో ఒకవైపునకు క్రుంగ నారంభించి, ముగియుటకు రెండు శతాబ్దములు పట్టినది. 1990లో మూసి, ఉత్తరపు వైపున పునాది క్రింది మన్ను మెల్లమెల్లగా తోడి, వాలు కొంత తగ్గించి, 2001లో మరల తెఱచిరి. ఎనిమిదేండ్లు నిండని పిల్లలను పైకి రానీయరు. ఆఱేండ్లవాడు క్రింద పచ్చికపై నేడ్చుచుండ నెవరు వానితో నుండవలెనను ప్రశ్నకు పద్యమున సమాధానము లేదు. ఇంటిలో మాత్రము రెండు దినములు చర్చ నడిచినది.

‘గుఱ్ఱాల సిరి’ యనునది పాలియో పందెము. అది కాంపో చౌకమున జూలై 2ననే, ఆగస్టు 16ననే జరుగును. పదునేడు పేటలలో పదింటి గుఱ్ఱములు మాత్రమే యొక పందెమున పరుగెత్తును. మే నెలలో పోవువారికి గుఱ్ఱములు బొమ్మల కార్డులపైననే సిద్ధించును. గృహిణి ప్రతిలో ‘గుఱ్ఱాల’కు మాఱుగా ‘జెలాటో’ యను పాఠాంతరము కానవచ్చుచున్నది. గణభంగమైనను ఈ పాఠమే గ్రాహ్యము.

కారు అద్దెకు తీసికొందమన్న తమ్ముని వాక్యము ప్రక్షిప్తము. ఈ పాతనగరముల నడిబొడ్డున అనుమతిలేని వాహనములకు ప్రవేశము నిషిద్ధము. కెమెరా ఫోటో తీయును, జరిమానా కాగితము నెలల తరువాత ఇంటి కరుదెంచును. అచటి రొట్టెలో ఉప్పు వేయరని విని తల్లిగారు ఆవకాయ సీసా సిద్ధపఱచిరి; పద్యమున లేకున్నను యాత్రకు సంబంధించి ఆ యింట జరిగిన యేకైక సమగ్రాలోచన యిదియే.

తాత్పర్యము:

ఫ్లోరెన్సులోనే కాపురముండి, ఉఫీజీకి టిక్కెట్లు ముందుగా కొని, ఒకనాడు పీసాతోపాటు లుక్కాకు పోవలెను. అచట నాలుగు కిలోమీటర్లకు పైబడిన కోటగోడ మీద చెట్లనీడ బాట యున్నది: పిల్లలు సైకిలు త్రొక్కుదురు, తల్లిగారు బల్లపై కూర్చుందురు. సియెనాకు వేఱొక దినము, అదియు బస్సుమీద. రైలు స్టేషను కొండక్రింద నుండుటచేత.

ఇక ‘రండు రండు’ అను ద్విరుక్తి. మొదటి ‘రండు’ కుటుంబమునకు. రెండవది యింకను రాని షెంగెన్ వీసాకు. దాని దరఖాస్తును ప్రయాణమునకు ఆఱు నెలల ముందునుండియే స్వీకరింతురు, యాత్రాక్రమమును జతచేయు మందురు. అది గద్యముననే, తేదీలతో వ్రాయుడు.