చుక్కలు చూపించే కస్టమరు

న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో, ఏడో నంబరు రైలు నెత్తిమీద దడదడలాడుతూ పోయే రూజ్‌వెల్ట్ అవెన్యూ పొడుగునా జాక్సన్ హైట్స్ అనే పేట ఉంది. 74వ వీధి దగ్గర రైలు దిగితే పట్టుచీరలు, బంగారు గాజులు, పటేల్ బ్రదర్స్ కొట్లో బెండకాయలు. అక్కణ్ణుంచి ఓ ఎనిమిది వీధులు నడిస్తే కొలంబియా వచ్చేస్తుంది. వీసా అక్కర్లేదు. బొగోటా నగరంలోని చాపినేరో పేట మీద మమకారంతో ఈ చుట్టుపక్కలను చాపినెరీతో అని పిలుచుకునేవాళ్ళూ ఉన్నారు. అక్కడ ఓ చిన్న హోటలుంది. పది పన్నెండు బల్లలు, గోడ మీద టీవీ, కౌంటరు మీద అద్దాల పెట్టెలో కజ్జికాయల్లాంటి వేడివేడి ఎంపనాడాలు. పేరు మాత్రం చెప్పను. చెబితే మీరు వెళ్తారు, వెళ్తే తిని ఊరుకోరు, ఫోను తీసి చుక్కలు పెడతారు. ఆ పని చేయడానికి అక్కడ ఇప్పటికే చాలామంది ఉన్నారు.

ఒకప్పుడు హోటల్లో కూర బాగోకపోతే సర్వరును పిలిచి చెప్పేవాళ్ళం. మరీ ఒళ్ళు మండితే గల్లాపెట్టె దగ్గర నాలుగు మాటలు అనేసి బయటపడేవాళ్ళం. ఇప్పుడు పద్ధతి మారింది. తింటున్నంతసేపూ ‘అద్భుతం, అద్భుతం’ అని తలూపడం, ఇంటికెళ్ళి చెప్పులు విడిచి సోఫాలో కాళ్ళు చాపుకుని తీర్పు రాయడం. నిందితుడు ఎదురుగా లేనప్పుడు న్యాయమూర్తికి ఎంత ధైర్యమో!

అసలు ఈ హోటళ్ళ చుక్కల గోల ప్రపంచానికి అలవాటు చేసింది ఓ టైర్ల కంపెనీ. జనం కార్లేసుకుని ఊళ్ళు తిరిగితే టైర్లు అరుగుతాయని ఫ్రాన్సులో మిషెలిన్ వాళ్ళు 1900లో గైడు వేశారు, 1926లో చుక్కలు పెట్టడం మొదలెట్టారు. వాళ్ళ ఇన్స్పెక్టర్లు పేరు చెప్పకుండా వస్తారు, బిల్లు కట్టి పోతారు. 2004లో యెల్ప్ వెబ్‌సైటు వచ్చాక ఆ ఉద్యోగం అందరికీ వచ్చింది, జీతం లేకుండా. జీతం లేని ఉద్యోగం ఇంత శ్రద్ధగా చేసే జనాన్ని ఇంకెక్కడా చూడం. అన్నం తినని చోట కూడా చుక్కలు పెట్టగల సమర్థులు వీళ్ళు. 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే కుర్రాడు తన పెరట్లోని షెడ్డును రెస్టారెంటుగా ట్రిప్ అడ్వైజర్‌లో ఎక్కించి, స్నేహితుల చేత దొంగ పొగడ్తలు రాయించి, ఆ మహానగరంలోకెల్లా నంబర్ వన్ హోటలుగా నిలబెట్టాడు. లేని హోటల్లో బల్ల కోసం జనం ఫోన్ల మీద ఫోన్లు చేశారు.

నవ్వులాటగానే ఉంటుంది కానీ, చుక్కకు ధర ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైఖేల్ లూకా సియాటిల్ హోటళ్ళ లెక్కలు తీసి 2011లో తేల్చిందేమిటంటే, యెల్ప్‌లో ఒక చుక్క పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుంది. అదీ సొంతంగా నడిపే హోటళ్ళకే. ఊరూరా శాఖలున్న కంపెనీ హోటళ్ళను చుక్కలు ఏమీ చేయలేవు. అంటే మనం ఆగ్రహంతో విసిరిన రాయి పెద్దవాడికి తగలదు, సందు చివర మొగుడూ పెళ్ళాం కలిసి పొయ్యి దగ్గర నిలబడే చోటే తగులుతుంది.

ఇక మన కొలంబియా హోటలుకొచ్చే న్యాయమూర్తుల సంగతి.

మెక్సికోవాళ్ళ టాకోల కోసం వచ్చేవారిది మొదటి బెంచి. టాకో ఉందా? లేదండీ. పోనీ బురీతో? అదీ లేదు. ‘స్పానిష్ మాట్లాడతారు, టాకో లేదంటారు, ఇదేం హోటలు?’ అని ఒక చుక్క. బొగోటాకూ మెక్సికో నగరానికీ మధ్య మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. వింధ్యకు ఇవతల ఉన్నవాళ్ళందరినీ ఎవడైనా ‘మద్రాసీ’ అంటే కయ్యిమనే మనవాళ్ళు కూడా ఈ బెంచి మీద దర్జాగా కూర్చోవడం నేను చూశాను.

రెండో బెంచి నెట్‌ఫ్లిక్స్ పట్టభద్రులది. 2015లో ‘నార్కోస్’ వచ్చినప్పటి నుంచీ కొలంబియా చరిత్ర అంతా వీళ్ళకు కంఠస్థం. బిల్లు కడుతూ, కౌంటరు దగ్గరున్న పెద్దావిడను కన్నుగీటి మరీ మాదకద్రవ్యాల ముఠానాయకుడు ఎస్కోబార్ కబుర్లు అడుగుతారు. వాడు పోలీసుల చేతిలో చచ్చింది 1993 డిసెంబరులో. అంతకు ముందు మెడెలిన్‌లో బాంబులు పేలుతుంటే పిల్లల్ని సంకనేసుకుని ఊరొదిలి వచ్చినవాళ్ళు ఈ వీధిలోనే ఉన్నారు. ఆవిడ చిల్లర చేతిలో పెట్టి మొహం తిప్పుకుంటుంది. ‘భోజనం బాగుంది, సిబ్బందికి కలుపుగోలుతనం తక్కువ’ అని రెండు చుక్కలు.

డిస్నీవాళ్ళు 2021లో ‘ఎన్‌కాంటో’ తీశాక మూడో బెంచి పడింది. ఆ సినిమాలో ఓ తల్లి చేతి ఆరెపా తింటే దెబ్బలు మానిపోతాయి. సినిమా చూసిన పిల్లలు ఆరెపా కావాలంటారు, జొన్నరొట్టెకు దళసరి అన్నగారిలా ఉండే ఆ మొక్కజొన్న రొట్టె వస్తుంది, కొరికి చూస్తారు, బొమ్మలో మెరిసినట్టు మెరవలేదని పళ్ళెం తోసేస్తారు. పిల్లాడి అలకకు హోటలు మూడు చుక్కలతో బయటపడుతుంది.

2024 జూలై 14న కోపా అమెరికా ఫైనల్లో కొలంబియా అర్జెంటీనాతో ఆడుతున్న సాయంత్రం, పేటంతా పసుపు చొక్కాలేసుకుని టీవీల ముందు ఊపిరి బిగబట్టి కూర్చుంటే, సరిగ్గా ఆ పూటే ప్రశాంతంగా మాట్లాడుకోవడానికి ఇక్కడికొచ్చిన జంటలున్నారు. ‘గోల ఎక్కువ.’ అదనపు సమయంలో గోలు తిని కొలంబియా ఓడిపోయాక గోల తగ్గి ఉంటుంది. చుక్కలు మాత్రం పెరగలేదు.

మా బాబాయిగారూ పిన్నీ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు వాళ్ళను అక్కడికి తీసుకెళ్ళాను. గుమ్మం దగ్గరే పిన్ని ఆగిపోయింది. అద్దం మీద నీలిరంగులో పెద్ద ‘ఏ’ అక్షరం. ‘ఇదేమిట్రా, పెద్దలకు మాత్రమేనా?’ అంది. న్యూయార్క్ ఆరోగ్య శాఖ 2010 నుంచి ప్రతి హోటలు గుమ్మానికీ ఏ, బీ, సీ అని గ్రేడు తగిలిస్తోందని, ఫ్రిజ్జు చల్లదనం నుంచి ఎలకల దాకా తనిఖీ చేసి తప్పులకు మార్కులేస్తారని, 13 దాటకపోతేనే ‘ఏ’ ఇస్తారని చెప్పాను. ‘అయితే చుక్కలెందుకూ?’ అంది. పిన్ని అడిగే ప్రశ్నలకు మా ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేరు.

వడ్డించే ఆవిడకు యాభై దాటి ఉంటాయి. చిన్నాపెద్దా అందరినీ ‘మి అమోర్’, అంటే ‘నా ప్రేమా’, అనే పిలుస్తుంది. ఆ మాటకు అర్థం తెలియగానే బాబాయిగారు చొక్కా గుండీ సర్దుకున్నారు. అప్పట్నుంచీ ఆర్డరంతా పిన్నే ఇచ్చింది.

పక్క బల్ల మీదికి బందేహా పైసా వచ్చింది. ఆంతియోకియా రాష్ట్రం వాళ్ళ వంట. కోలగా ఉండే ఆ పళ్ళెం బల్లను సగం ఆక్రమించింది. తెల్లన్నం, దాని పక్కన చిక్కగా ఉడికిన ఎర్ర చిక్కుడు గింజలు, కైమా, చోరిసో సాసేజి, పచ్చసొన కదులుతున్న గుడ్డు, పండిన అరటి వేపుడు, అవొకాడో ముక్క, చిన్న ఆరెపా. వీటన్నిటికీ అడ్డంగా చికరోన్, అంటే తోలుతో సహా కరకరలాడేలా వేపిన పంది మాంసం, గాట్లు పెట్టడంతో విచ్చుకుని. పిన్ని రేటు చూసి, ‘పైసా అని పేరెట్టి ఇరవై డాలర్ల పైనా!’ అని బుగ్గలు నొక్కుకుంది.

మాకు ఆ పళ్ళెంతో పనిలేదు, ఆ రోజు శనివారం. బాబాయిగారు మిగతా ఆరు రోజులూ ఏదైనా తింటారు. శనివారం మాత్రం వెంకటేశ్వరస్వామి చూస్తుంటాడు. అన్నం, అరటికాయను చెక్కలుగా కొట్టి రెండుసార్లు వేపిన పాతకోన్లు, కర్రపెండలం వేపుడు చెప్పాం. సామర్లకోట వైపు సగ్గుబియ్యంగా మారే కర్రపెండలాన్ని ఇక్కడ ముక్కలు కోసి ఉడకబెట్టి నూనెలో వేస్తారు. అంతవరకూ బాగానే ఉంది. చిక్కుడు గింజల దగ్గరే వచ్చింది చిక్కు. ‘మాంసం తగలదు కదా?’ అని అడిగాను. ఆవిడ తడుముకోకుండా, పంది కాలు వేసే ఉడికిస్తామని చెప్పేసింది. గింజలు మానేశాం. ఆ రాత్రి బాబాయిగారి తీర్పు: ‘శాకాహారులకు అవకాశాలు తక్కువ, రెండు చుక్కలు.’ ఆవిడ ఓ అబద్ధం ఆడి ఉంటే నాలుగు పడేవి.

కారం లేదన్నది రెండో అభియోగం. కొలంబియా వంటలో మంట తక్కువ. దానికి బదులు ఆహి అని కొత్తిమీర, ఉల్లికాడలు, కాస్త మిరపకాయ, పుల్లదనానికి వెనిగరు కలిపిన పచ్చడి చిన్న గిన్నెలో పెడతారు. ఎంపనాడా కొరికినచోట చెంచాతో అర చుక్క వేసుకోవాలి. బాబాయిగారు గిన్నెను అన్నంలో బోర్లించుకుని, నీళ్ళు ఎక్కువయ్యాయని తేల్చి, చేతిసంచిలోంచి గుంటూరు కారప్పొడి తీశారు. మిరపకాయ పుట్టిందే అమెరికా ఖండంలో. పోర్చుగీసువాళ్ళు ఓడల్లో మన తీరానికి చేర్చారు. అయిదు వందల ఏళ్ళ తరవాత దాన్ని దంచి, జిప్‌లాక్ కవర్లో పెట్టి, ‘మీకు కారమంటే ఏమిటో తెలీదు’ అని ఆ ఖండంవాళ్ళకే చూపించిన ఘనత మా ఇంటిది.

ఒక సూపుకు నాలుగు చెంచాలు, రెండు ఖాళీ గిన్నెలు, అందరికీ వేడినీళ్ళు అడగడం సంగతి రాయను. మీరూ అడుగుతారు.

టిప్పు దగ్గర తెలుగు గణితం పరాకాష్ఠకు చేరుతుంది. ఈ ఊళ్ళో అమ్మకం పన్ను 8.875 శాతం, దాన్ని రెట్టింపు చేసి టిప్పు ఇవ్వడం స్థానికుల సులువు లెక్క. బాబాయిగారు మొత్తాన్ని రూపాయల్లోకి మార్చి, అందులోంచి రాజమండ్రిలో ఎన్ని భోజనాలొస్తాయో భాగించి, నిట్టూర్చి, రెండు డాలర్లు పెట్టారు. 2025లో ఇక్కడ కనీస వేతనం గంటకు 16.50 డాలర్లు ఉండేది. అందులో హోటలు యజమాని వడ్డించేవాళ్ళకు 11 ఇస్తే సరిపోయేది, మిగతా అయిదున్నర మన దయాదాక్షిణ్యాల్లోంచి రావచ్చని అప్పటి చట్టం. ఆయన చూడకుండా నేను ఇంకొంత పెట్టాను. చూస్తే నాకూ చుక్కలు పడేవి.

ఇదే రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు తోపుడుబండి మీద చీజ్ ఆరెపాలు కాల్చి అమ్మి, ‘ఆరెపా లేడీ’గా ఊరంతా పేరు తెచ్చుకున్న మరియా కానో కొలంబియాలో న్యాయమూర్తిగా పనిచేసినావిడ. అక్కడి హింసకు ఊరొదిలి వచ్చి ఇక్కడ పెనం పట్టుకుంది. నిజమైన జడ్జి రొట్టె కాలుస్తుంటే, ఫోను పట్టుకున్న ప్రతివాడూ ఆవిడకు తీర్పు చెప్పిన వీధి ఇది. సాక్ష్యం లేదు, వాదన లేదు, అప్పీలు లేదు. కొలంబియాలో ఎలాంటి కేసులు విన్నదో గానీ, ఇంత తొందరగా ఏదీ తేల్చి ఉండదు.

చుక్కలు పెట్టనివాళ్ళు కూడా ఆ హోటలుకొస్తారు. నిజానికి వాళ్ళే ఎక్కువ. పొద్దున్నే బున్యువేలో అనే వేపుడు ఉండ ఒకటి, నల్ల కాఫీ ఒకటి నిలబడే ముగించి పనికి పోయే కూలీలు. ఆదివారం మధ్యాహ్నం మూడు తరాలవాళ్ళు వచ్చి ఆహియాకో తింటారు. మూడు రకాల బంగాళాదుంపలు, కోడి, మొక్కజొన్న పొత్తు ముక్క, గువాస్కాస్ అనే ఆకు వేసి మరిగించిన బొగోటావాళ్ళ సూపు అది. ఒక రకం దుంప పూర్తిగా కరిగి చిక్కదనమవుతుంది, ఒక రకం ముక్కగానే మిగులుతుంది. ఓ ముసలాయన మొదటి చెంచా నోట్లో పెట్టుకుని, వంటింటి కిటికీ వైపు తిరిగి, ఈ వారం ఆకు తక్కువైందని అరుస్తాడు. లోపలి నుంచి అంతకన్నా గట్టిగా జవాబొస్తుంది. ఆయన మళ్ళీ ఆదివారం వస్తాడు. ఆ ఫిర్యాదు ఏ లెక్కలోకీ ఎక్కదు, లూకాగారి లెక్కలోకి కూడా.

బయల్దేరబోతుంటే బాబాయిగారి కంట మెనూలో ఆగువా పనేలా పడింది. పనేలా అంటే చెరకు బెల్లమే. బెల్లం తయారీలో మనది మొదటి స్థానం, కొలంబియాది రెండోది. ఆ బెల్లాన్ని వేడినీళ్ళలో కరిగించి, నిమ్మకాయ పిండి ఇస్తారు. చీజ్ ముక్కలు వేసుకుని తాగేవాళ్ళూ ఉన్నారు. ‘నాలుగు డాలర్లా! శ్రీరామనవమికి గుళ్ళో ఊరికే పోస్తారు కదరా పానకం’ అన్నారు, అంటూనే ఒకటి తెప్పించారు. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. తెరిచి, బల్ల మీది మిరియాల సీసా తీసి నాలుగుసార్లు దులిపారు. పిన్ని సంచిలోంచి వక్కపొడి డబ్బా తీసి, అందులో ఏలకులు రెండు ఏరి, పళ్ళతో చీల్చి ఇచ్చింది. బాబాయిగారు కలిపి, ఇంకో కప్పులోకి వంచి, వడ్డించే ఆవిడను పిలిచి తాగమన్నారు. ఆవిడ తాగి, ‘కె రీకో!’, అంటే ఎంత రుచో అని వంటింట్లోకి కేకేసింది. వంటమనిషి కూడా వచ్చి ఓ గుక్క రుచి చూశాడు.

ఆ రాత్రి బాబాయిగారు రెండు చుక్కల తీర్పును సవరించారు. నేను చూశాను, ఇప్పటికీ ఉంది: ‘అయిదు చుక్కలు. పానకం అద్భుతం. మిరియాలు నేనే వేసుకున్నాను.’